ఎవాంజెలిన్ ఎడమ పక్క

కుక్కరు కూత పెట్టగానే ఎవాంజెలిన్ బల్ల మీద పక్కకు జరిగి మంట తగ్గించింది. వంటగట్టు పొడవునా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా వేసిన ఆ బల్ల ఆమె తండ్రి బర్నబా చేసింది. పటాన్‌చెరులో యంత్రాలు తయారుచేసే కంపెనీలో ఆయన ప్యాకింగు పెట్టెలు కొట్టే వడ్రంగిగా పనిచేసి రిటైరయ్యాడు. పెట్టెలకు పనికిరాని చెక్కలు ఇంటికి తెచ్చుకునేవాడు. అందుకే బల్ల మీద ఒకచోట పైకి చూపే నల్లటి బాణం, దాని పక్కన గాజుగ్లాసు బొమ్మ ఇప్పటికీ చెరిగిపోకుండా ఉన్నాయి. బల్ల ఎక్కితే ఆమెకు పొయ్యి, నల్లా, ఉప్పుడబ్బా అన్నీ అందుతాయి. దిగితే వంటగట్టు భుజాల దాకా వస్తుంది.

ఆమెకు ముప్పయ్యారేళ్లు. నుదురు వెడల్పు. మొండెం అందరిలాంటిదే, చేతులూ కాళ్లే పొట్టి. కుర్చీలో కూర్చుంటే ఆ సంగతి వెంటనే తెలియదు. చుట్టాల పెళ్లి ఫోటోలన్నిటిలో ఆమె కూర్చునే ఉంటుంది. కుడి ముంజేయి మాత్రం ఎడమదానికన్నా లావు. అది బ్యాడ్మింటన్ ఆటవల్ల వచ్చింది.

సద్ది కట్టుకుని, గట్టు అంచు పట్టుకుని దిగింది. దిగేటప్పుడు కిందికి చూసింది. ఈమధ్య ఎడమ పాదం నేలను తాకిందో లేదో కళ్లతో చూస్తే తప్ప తెలియడం లేదు. మొదట తిమ్మిరనుకుంది. సెలవు పెట్టి సంగారెడ్డి వెళ్లి ఒక్కతే డాక్టరుకు చూపించుకుంది. వెన్నెముకలో నరాలు పోయే దారి ఆమెలాంటి వాళ్లకు పుట్టుకతోనే ఇరుకుగా ఉంటుందని, ఇన్నేళ్ల దూకుళ్లకు అది ఇంకా బిగుసుకుందని ఆయన చెప్పాడు. ఆపరేషన్ చేయొచ్చు, కానీ కాలు మునుపటిలా అవుతుందని మాట ఇవ్వలేనన్నాడు. ఒక్కసారి గట్టిగా కిందపడితే రెండు కాళ్లూ పోవచ్చన్నాడు. ఆమె తలూపి వచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు. ఆదివారం హైదరాబాద్‌లో రాష్ట్ర జట్టు సెలక్షన్లు ఉన్నాయి.

బర్నబా గడప దగ్గర కుర్చీ వేసుకుని చాయ్‌లో రస్కు ముంచుకుంటున్నాడు. ముత్తంగి చౌరస్తా వైపు నుంచి లారీల చప్పుడు వస్తూ ఉంది. ఎవాంజెలిన్ టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని ఆయన ముందు నిలబడింది. ఆయన కూర్చుంటే ఇద్దరి కళ్లూ ఒకే ఎత్తులో ఉంటాయి.

"నాయినా, ఇయ్యాల సాయంత్రం కోర్టు కాడికి వస్తవా?"

రస్కు చాయ్‌లోనే మెత్తబడి విరిగిపోయింది. ఆయన చెంచాతో దాన్ని తీసుకున్నాడు.

"బుధవారం చర్చిల కూడిక ఉంటది గద" అన్నాడు.

ఆమె మళ్లీ అడగలేదు. పన్నెండేళ్లుగా ఆడుతున్నా ఇంతకుముందు ఒక్కసారే అడిగింది. అప్పుడు కూడా ఆయన ఏదో కూడిక అనే చెప్పాడు. తల్లి సువార్తమ్మ బతికున్నన్నాళ్లూ, బిడ్డ ఊళ్లు తిరిగి వచ్చినప్పుడల్లా దిష్టి తీయాలనిపించి, క్రైస్తవులు దిష్టి తీయరు కాబట్టి నూనె రాసి తలంటేది. తండ్రి మాత్రం పతకం చేతిలోకి తీసుకుని బరువు చూసి, అద్దాల బీరువాలో పెట్టేవాడు. ఆ బీరువా కూడా ఆయన చేసిందే. ఆట ఎట్లా జరిగిందని మాత్రం అడిగేవాడు కాదు.

ఆమె పనిచేసే మందుల కంపెనీ బస్సు మెట్టు ఎత్తుగా ఉంటుంది. ఆమె మెట్టుకు కుడి మోకాలు ఆనించి, కమ్మీ పట్టుకుని పైకెక్కుతుంది. డ్రైవరు అద్దంలో చూసి, ఆమె కూర్చున్నాకే గేరు మారుస్తాడు. అది ఇద్దరి మధ్యా మాటల్లేకుండా ఏర్పడ్డ అలవాటు. పటాన్‌చెరు దాటగానే కిటికీలోంచి రోజూ వచ్చే రసాయనాల వాసన వచ్చింది. పక్కసీటు ఆమె ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని మళ్లీ నిద్రపోయింది.

ఎవాంజెలిన్ పని సూదిమందు సీసాలు చూడటం. చీకటి గదిలో వరసగా బల్లలు, ఒక్కో బల్ల మీద ఒక తెల్లటి దీపం, దాని వెనక సగం నలుపు సగం తెలుపు పలక. సీసాను మెడ దగ్గర పట్టుకుని తిప్పి, మందు సుడి తిరుగుతుండగా నల్లటి పలక ముందు ఒకసారి, తెల్లటి పలక ముందు ఒకసారి చూడాలి. గాజు పొడి, దారపు పోగు, నలక ఏది కనిపించినా ఎర్ర ట్రేలో పెట్టాలి. అందరికీ ఇచ్చే తెల్లటి గౌన్లలో అన్నిటికన్నా చిన్నది కూడా ఆమెకు పొడవే. చేతులు మడిచి టేపు అంటించుకుంటుంది. కాళ్లు వేలాడకుండా కంపెనీ ఫిట్టరు కుర్చీకి ఇనుప పీట ఒకటి వెల్డింగు చేసి పెట్టాడు.

పొద్దెక్కిన తర్వాత పక్క బల్ల దగ్గరి రవళి వంగి కిందికి చూసింది.

"అక్కా, నీ బూటు ఊడి పడ్డది."

ఎవాంజెలిన్ వంగి చూసింది. ఎడమ బూటు కుర్చీ కింద బోర్లా పడి ఉంది. పాదం మేజోడుతో పీట మీద ఉంది. ఎప్పుడు ఊడిందో ఆమెకు తెలియదు. రవళి తీసి తొడిగి, పైన నీలం కవరు వేసింది. బిగుతుగా ఉందా అని అడిగింది. ఉందని ఎవాంజెలిన్ చెప్పింది. ఉందో లేదో ఆమెకు తెలియలేదు.

కళ్లకు విశ్రాంతి ఇవ్వడానికి మధ్యమధ్య దీపాలు ఆర్పేస్తారు. అప్పుడు అందరూ కళ్లు మూసుకుని కూర్చుంటారు. ఆ చీకట్లో ఎవాంజెలిన్‌కు తరచూ ఒక మైదానం గుర్తొస్తుంది.

అప్పటికామెకు పదకొండేళ్లు. సంగారెడ్డిలో స్వస్థత కూటాలు పెట్టారు. ఎక్కడినుంచో పేరున్న ప్రసంగీకుడు వచ్చాడు. బర్నబా ఆమెను భుజాల మీద ఎక్కించుకుని, జనాన్ని తోసుకుంటూ వేదిక దాకా తీసుకుపోయాడు. ప్రసంగీకుడు ఆమె తల మీద నూనె పోసి, రెండు చేతులూ ఉంచి చాలాసేపు ప్రార్థన చేశాడు. అవి బరువైన చేతులు. తర్వాత ఆమెను మైకు స్టాండు పక్కన నిలబెట్టి, ఇప్పుడు చూడండి, ఈ బిడ్డ ఎదిగిందా లేదా అని జనాన్ని అడిగాడు. ఆమెకు ముందువరసలో తండ్రి ముఖం కనిపించింది. ఆయన పెదవులు వణుకుతున్నాయి. పరికిణీ నేల దాకా ఉంది. ఆమె లోపల మడమలు ఎత్తి మునివేళ్ల మీద నిలబడింది. మైదానమంతా హల్లెలూయ అంది. బర్నబా ఏడ్చాడు.

ఇంటికి రాగానే ఆయన ఆమెను వాకిలి చట్రానికి ఆనించి నిలబెట్టాడు. ఏటా పుట్టినరోజుకు ఆయన పెన్సిలుతో గీసిన గీతలు ఆ చట్రం మీద ఉన్నాయి. చివరి రెండు గీతలు దాదాపు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. ఈసారి ఆమె మడమలు నేల మీదనే ఉంచింది. ఆయన గీత గీయలేదు. ఆమె పాదాల వైపు కాసేపు చూశాడు. మరునాడు పొద్దున ఆమె లేచేసరికి చిత్రిక పడుతున్న చప్పుడు వినిపించింది. చట్రం మీద గీతలన్నీ పోయి, కొత్త చెక్క తెల్లగా బయటపడింది. చెక్కపొట్టు సువార్తమ్మ ఊడ్చి పొయ్యిలో వేసింది. ఆ తర్వాత బర్నబా ఆమెను ఏ కూటానికీ తీసుకుపోలేదు.

దీపాలు వెలిగాయి. ఆమె మళ్లీ సీసా అందుకుంది.

షిఫ్టు అయ్యాక ఇంటికి వెళ్లి, అన్నం తిని, కాసేపు పడుకుని లేచేసరికి తండ్రి ఇంట్లో లేడు. గొళ్లానికి తగిలించే బైబిలు సంచి కూడా లేదు. ఆమె ఆటో ఎక్కి కిష్టారెడ్డిపేటకు బయలుదేరింది.

కోర్టు అంటే రెండు అపార్ట్‌మెంట్ల మధ్య వేసిన రేకుల షెడ్డు. లోపల ఆకుపచ్చ మ్యాటు పరిచిన రెండు కోర్టులు. చీకటి పడే వేళకు ఉద్యోగాల నుంచి వచ్చేవాళ్లతో నిండిపోతుంది కాని, అంతకుముందు ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీ వేళల్లో షెడ్డు మేనేజరు మహేంద్ర వీళ్లను ఆడుకోనిస్తాడు.

షంషేర్ అప్పటికే వచ్చి, బల్ల మీద కూర్చుని రాకెట్ పిడికి కొత్త టేపు చుడుతున్నాడు. అతనికి నలభై దాటాయి. సంగారెడ్డిలో చేతిగడియారాలు బాగుచేసే చిన్న దుకాణం ఉంది. పెళ్లయింది, భార్య షకీలా మామూలు ఎత్తు మనిషి. పన్నెండేళ్ల కిందట ఎవాంజెలిన్ పటాన్‌చెరులో జిరాక్సు దుకాణంలో పనిచేస్తుంటే, ఎవరో చెప్పారని వెతుక్కుంటూ వచ్చాడు. రోడ్డు దాటి వచ్చి కౌంటరు ముందు కాకుండా పక్కనుంచి తిరిగి లోపలికే వచ్చి నిలబడ్డాడు. మెడ పైకెత్తకుండా ఒక ఎదిగిన మగవాడి కళ్లలోకి చూడటం ఆమెకు అదే మొదటిసారి. మన ఎత్తు వాళ్లకు వేరే విభాగం ఉంది, జోడీకి ఆడమనిషి కావాలి, ఆడతావా అని అడిగాడు. ఆమె నవ్వింది. రాకెట్ ఎప్పుడూ పట్టుకోలేదని చెప్పింది. నేను మాత్రం పట్టుకొని పుట్టిన్నా అన్నాడతను.

మొదట చర్చి వెనక ఖాళీ జాగాలో తాడు కట్టి ఆడారు. గాలి వీస్తే ఆట ఆపి కూర్చునేవాళ్లు. మొదటి జాతీయ పోటీల్లో కాంస్యం వచ్చింది. వచ్చింది నాలుగు జోడీలే కావడంతో, ఓడిపోయినా పతకం ఇచ్చారు. పేపర్లో ఫోటో పడింది, చర్చిలో శాలువా కప్పారు. కొన్నేళ్లకు జోడీలు పెరిగాయి. నాలుగు మ్యాచులు గెలిచి, ఒక మ్యాచు మోకాలు చిట్లి రక్తం కారుతుండగా ఆడి, రజతం తెచ్చారు. ఆ ఏడు ఏ పేపరువాళ్లూ రాలేదు. ఒక్కసారి దేశం దాటి కంపాలా దాకా వెళ్లారు. అక్కడ రెండో రౌండులోనే ఓడిపోయారు. ఆమెకు ఆ ఓటమి సరిగా గుర్తులేదు. గుర్తున్నది భోజనాల గది. ఎన్నో దేశాల వాళ్లు, అందరూ తన ఎత్తు వాళ్లే, పళ్లేలు పట్టుకుని తిరుగుతూ మాట్లాడుకుంటుంటే మాటల చప్పుడంతా తన చెవుల దగ్గరే ఉంది. ఇన్నాళ్లూ మాటలన్నీ తలపైనుంచి పోయేవని అప్పుడు తెలిసింది.

ఆమె వచ్చి షంషేర్ పక్కన కూర్చుంది. ఆటకు ముందే చెప్పాలని పొద్దుననే అనుకుంది.

"ఆదివారం నేను రాను, భాయ్."

అతను టేపు చుట్టడం ఆపలేదు. డాక్టరు చెప్పినదంతా ఆమె చెప్పింది. పాదం సంగతి, బూటు ఊడిన సంగతి కూడా చెప్పింది. ఇన్ని రోజులు దాచానని, తప్పే అని చెప్పింది. ఇప్పుడు కొత్త జోడీని వెతుక్కునే వ్యవధి కూడా లేదని, అతని ఏడాది తనవల్ల పోతుందని తెలుసునని చెప్పింది. రాష్ట్రంలో తమ విభాగంలో ఆడే ఆడవాళ్లు ఎవరెవరో ఇద్దరికీ తెలుసు. అందరికీ జోడీలు ఉన్నాయి.

షంషేర్ టేపు చివర పంటితో కొరికి అతికించాడు.

"నాకు ఎరికే."

"ఏం ఎరికే?"

"నీ ఎడమ పక్కకొచ్చే షటిళ్లన్ని ఎవడు తీస్తుండనుకున్నవ్?"

ఆమె అతని ముఖంలోకి చూసింది. కొన్ని వారాలుగా అవతలివాళ్లు తన ఎడమ వైపు కొట్టడం మానేశారనే ఆమె అనుకుంది. అది తన అదృష్టమని కూడా అనుకుంది. అతను వెనకనుంచి అడ్డంగా వచ్చి తీస్తున్నాడని గమనించలేదు. నెట్ దగ్గర ముందు ఆడేవాళ్లకు వెనక ఏం జరుగుతుందో కనిపించదు.

"ఆదివారం దాంక గూడ తీస్త అనుకున్న" అన్నాడు షంషేర్. "గానీ డాక్టర్ గట్ల చెప్పిండంటే ఒద్దు. నువ్వు పడొద్దు."

తర్వాత ఆమె, నువ్వేం చేస్తావని అడిగింది. సింగిల్స్ ఆడతానన్నాడు, మోకాళ్లు ఒప్పుకుంటే. లేకపోతే ఇక దుకాణం పొద్దుగాలనే తెరుస్తానన్నాడు. కొందరు గడియారాలు ఇచ్చి నెలలు దాటాయని, వాళ్లు తిట్టుకుంటున్నారని నవ్వాడు. ఆ నవ్వు తొందరగానే ఆగిపోయింది.

"ఒక్క గేమ్ ఆడి పోదాం" అన్నాడు లేచి. "ఎడమ పక్క నాది."

అవతల ఆడేది దగ్గరి అపార్ట్‌మెంట్‌లో ఉండే అన్నదమ్ములిద్దరు. మామూలు ఎత్తు వాళ్లు. చాలాకాలంగా వీళ్లతో ఆడుతున్నారు కాబట్టి జాలిపడి మెల్లగా కొట్టడం ఎప్పుడో మానేశారు.

నెట్ పైఅంచు ఎవాంజెలిన్ తల కన్నా ఎత్తు. పన్నెండేళ్లుగా ఆమె తన ఎదుటి ఆటగాళ్లను నెట్ కన్నాల్లోంచే చూసింది. నల్లదారాల చిన్నచిన్న గడుల్లో వాళ్ల చేతులు, నడుములు, ముఖాలు ముక్కలుగా కనిపిస్తాయి. షటిల్ ఆ గడుల వెనక లేచి, నెట్ అంచు మీద ఒక్క క్షణం కనిపించి దిగుతుంది. ఆ ఒక్క క్షణంలోనే ఆమె కదలాలి. కుడి వైపు వచ్చినవన్నీ ఆమె తీసింది. ఎడమ వైపు వచ్చిన ప్రతిసారీ తన వెనక బూట్లు మ్యాటు మీద కీచుమనడం ఈసారి వింది. షంషేర్ ఊపిరి వింది. అతను ఒకసారి పడ్డాడు, లేచాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

గేమ్ చివరికి వచ్చేసరికి రెండు వైపులా పాయింట్లు దగ్గరదగ్గరగానే ఉన్నాయి. సర్వీసుకు ముందు ఆమె నుదుటి చెమట తుడుచుకుంటూ షట్టరు వైపు చూసింది. అక్కడ బర్నబా నిలబడి ఉన్నాడు. చంకలో బైబిలు సంచి ఉంది. చెప్పులు బయట విడిచి, ఉత్తకాళ్లతో మ్యాటు అంచుకు ఒక అడుగు ఇవతల, గుళ్లోకి వచ్చినవాడిలా నిలబడ్డాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు. మహేంద్ర కుర్చీ చూపించినా కూర్చోలేదు.

ఆమె సర్వీసు చేసింది. షటిల్ తిరిగి వచ్చింది. ఆమె అడ్డుకుని అవతలికి వేసింది, అవతలివాళ్లు లేపారు, షంషేర్ వెనకనుంచి కొట్టాడు. మళ్లీ వచ్చింది. ఈసారి అది నేరుగా ఆమె మీదికే, తక్కువ ఎత్తులో వచ్చింది. ఆ షెడ్డులో షటిల్‌ను ఎత్తుగా లేపకూడదు. పైన ఇనుప దూలాలు అడ్డం వస్తాయి. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. అయినా మోచేయి కిందినుంచి తిప్పి, బలమంతా పెట్టి పైకి లేపింది. షటిల్ లేచింది, దీపాల వెలుగు దాటి పోయింది, తిరిగి రాలేదు. నలుగురూ తలలెత్తి చూశారు. అది దూలంలో ఇరుక్కుంది.

ఆ పాయింటుతో గేమ్ పోయింది. అన్నదమ్ములు నెట్ కిందినుంచి చేతులు చాపారు. ఆమె, షంషేర్ కరచాలనం చేశారు. తర్వాత షంషేర్ ఎప్పటిలాగే రాకెట్‌తో ఆమె రాకెట్‌ను మెల్లగా తాకించాడు. బర్నబాకు సలాం చెప్పి, స్కూటీ తాళం చెవి కోసం జేబులన్నీ తడుముకుని, బయటికి వెళ్లిపోయాడు. స్కూటీ స్టార్టయిన చప్పుడు చాలాసేపటికి గాని రాలేదు.

ఎవాంజెలిన్ బల్ల మీద కూర్చుని బూట్ల దారాలు విప్పింది. బర్నబా వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన చూపు ఇంకా కోర్టు మీదనే ఉంది.

"గింత ఉరుకుతవా బిడ్డా నువ్వు?"

ఆమె ఎడమ బూటు తీసి, పాదాన్ని చేత్తో పట్టుకుని చెప్పులో పెట్టుకుంది.

"ఇన్నేండ్లు ఎందుకు రాలేదు నాయినా?"

ఆయన బైబిలు సంచి జిప్పు కొంచెం తెరిచి, మళ్లీ మూశాడు.

"ఒకపారి నేనే నిన్ను మంది ముంగట నిలబెట్టిన" అన్నాడు. "మల్ల మంది నడుమ నిన్ను సూసే మొకం నాకు లేకుండె."

షెడ్డులోకి తర్వాతి వేళకు ఆడేవాళ్లు ఒక్కొక్కరే వస్తున్నారు. ఎవరో ఫ్యాన్ వేశారు. తాను ఆరోజు మడమలెత్తానని చెబుదామా అనుకుందామె. ఆయన తన పాదాల వైపు చూసిన చూపు గుర్తొచ్చి, చెప్పాల్సింది ఏమీ లేదని ఊరుకుంది.

బర్నబా లేచి ఆమె రాకెట్ల సంచి భుజానికి తగిలించుకున్నాడు. దాని బరువు చూస్తున్నట్టు ఒకసారి పైకీ కిందికీ ఎగరేశాడు. ఆయన ముఖంలో ఆమెకు తెలియని హుషారు ఉంది.

"రేపు గూడ గిదే టైముకా? జెర ముందుగాల వస్త."

"రేపు ఉండది నాయినా."

"ఎల్లుండి?"

"ఇగ ఉండది. ఇయ్యాల్నే ఆఖరు."

ఆయన ఎందుకని అడగలేదు. ఆమె లేవడానికి బల్ల అంచు పట్టుకున్నప్పుడు, నేల వైపు చూసుకుని ఎడమ కాలు మోపడం ఆయన చూశాడు. చెయ్యి అందించాడు. ఇంతకుముందు ఒకసారి ఆమె అడిగిందన్న సంగతి ఇద్దరికీ గుర్తుంది. బయట ఆయన చెప్పులు వెతుక్కుంటుంటే ఆమె ఆటోను ఆపింది. ఆయన ఆమెను ముందు ఎక్కించి, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ముత్తంగి దాకా దారిలో ఆమె డాక్టరు చెప్పినదంతా చెప్పింది. ఆయన సంచి మీద రెండు చేతులూ వేసుకుని విన్నాడు.

షెడ్డులో దీపాలన్నీ వేశారు. ఆట మొదలుపెట్టబోతూ ఒకడు పైన షటిల్ ఉందని చూసి, బూజు దులిపే కర్ర తెచ్చి పొడిచాడు. కర్ర అందలేదు. కుర్చీ ఎక్కి పొడిస్తే చివర తగిలి, షటిల్ కొంచెం కదిలి ఇంకా లోపలికి జరిగింది. పోనీ వదిలెయ్యమని మహేంద్ర అన్నాడు. డబ్బాలోంచి కొత్తది తీసి ఆట మొదలుపెట్టారు. రెండు ఇనుప కమ్మీలు కలిసే మూలలో, ఫ్యాను గాలికి ఈకలు సన్నగా అదురుతూ, షటిల్ అక్కడే ఉంది.